రెండెకరాలు, ఒక బోరు: వరి, చెనక్కాయ, రాగి, పాడి, మామిడి, టమాటాల్లో ఏది?

సంక్రాంతికి ఊరికి పోతే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఈసారి మా చిన్నాన్న కొడుకు వేశాడు. తిరుపతిలో పన్నెండేళ్లుగా ఉద్యోగం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, సరుకుల బిల్లు కలిసి ఇరవయ్యో తేదీకల్లా జీతాన్ని ఊడ్చేస్తున్నాయి. పాకాల దగ్గర రెండెకరాల మెట్ట, అందులో ఒక బోరు ఉన్నాయి. "తినేదంతా మన చేలోనే పండించుకుంటే ఖర్చు సగం తగ్గుతుంది కదన్నా? ఎక్కడెక్కడినుంచో లారీల్లో తెచ్చుకునే పని ఉండదు, భూమికీ మంచిదే" అన్నాడు. మొదటి పంట ఏం పెడతావంటే వరి అన్నాడు.

వరి తప్ప ఇంకేదైనా చెప్పు అన్నాను. వాడు కాస్త నొచ్చుకున్నాడు. సొంత మడిలో పండిన బియ్యం తినడం మనవాళ్లకు గౌరవం, అది నాకూ తెలుసు. అయినా ఆ రోజు అరుగు మీద కూర్చుని కాగితం మీద వేసిన లెక్క వేరే దారి చూపించింది. పాత చిత్తూరు జిల్లాలో ఎక్కడైనా, బోరు కింద రెండు మూడెకరాలున్న ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ ఉజ్జాయింపువే. మీ బోరు లోతును బట్టి, మీ నేలను బట్టి అటూ ఇటూ అవుతాయి.

ముందు ఏం చూడాలి

మొదట వంటింటి బిల్లు. తిండి ఖర్చు అనగానే మనకు బియ్యం మూట కళ్లముందు కదులుతుంది. కానీ ఖర్చు అక్కడ లేదు. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా సుమారు 46 శాతం. బియ్యం, గోధుమ లాంటి ధాన్యాలన్నీ కలిపినా ఇంటి మొత్తం ఖర్చులో 5 శాతం లోపే. పాలు, పెరుగు, నెయ్యి కలిపి 8 శాతం దాటాయి. కూరగాయలకు 5 శాతం పైన, వంటనూనెకు మూడున్నర శాతం పోతోంది. పైగా రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి 5 కిలోల చొప్పున బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని చెమటోడ్చి పండించి, రోజూ రేటు మారే నూనెను, పప్పును అంగట్లో కొనుక్కోవడం నాకు తిరకాసుగా కనిపిస్తుంది.

తర్వాత నీళ్లు. ఎన్ని కావాలి అన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా చూడాలి. చెరువు నుంచి కాలువలో పారే నీళ్లు వేరు, 300 అడుగుల లోతు నుంచి మోటారు తోడే నీళ్లు వేరు.

మూడోది, నేను గాలి లెక్క అని పిలుచుకునేది. సేద్యం నుంచి భూమిని వేడెక్కించే మూడు రకాల వాయువులు గాలిలోకి వెళ్తాయి. డీజిల్, కరెంటు వల్ల కార్బన్ డయాక్సైడ్. నిలవ నీళ్ల బురదనుంచి, ఆవు కడుపునుంచి మీథేన్. యూరియా, పేడ వల్ల నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ దాదాపు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, నైట్రస్ ఆక్సైడ్ అయితే 270 కిలోలతో. కింద నేను టన్నులు, కిలోలు అని రాసినవన్నీ ఈ మార్పిడి తర్వాతవే.

నాలుగోది చేతికి డబ్బు వచ్చే తీరు. పదిహేను రోజులకోసారి వస్తుందా, ఏడాదికోసారా, అయిదేళ్లకా? ఫీజులు కట్టే ఇంటికి ఇదే అన్నిటికన్నా పెద్ద టెన్షన్.

చివరగా మనిషి. చేలో ఎవరుంటారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మిగతా నాలుగింటికీ జవాబు చెప్పుకుని లాభం లేదు.

వరి

ఎకరాకు 24, 25 క్వింటాళ్ల వడ్లు వస్తే ఆడించాక పదిహేను క్వింటాళ్ల పైన బియ్యం. నలుగురున్న ఇంటికి ఏడాదికి నాలుగు క్వింటాళ్లు చాలు. అంటే ముప్పై నలభై సెంట్ల మడి సరిపోతుంది. గడ్డి ఆవుకు వస్తుంది. 2025-26కి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, కాబట్టి మిగిలింది అమ్ముకోవచ్చు. చీడపీడల గురించి ఊళ్లో ప్రతివాడికీ తెలుసు, సలహా చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఇవన్నీ వరి వైపు మాటలు.

ఇప్పుడు నీళ్లు. ఒక వరి పంట సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుంది. వాన పోను, బోరునుంచి ఎకరాకు 35 లక్షల లీటర్లు తోడాలనుకుందాం. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 700 వరసగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. అన్ని నీళ్లను 300 అడుగుల పైకి తెచ్చేందుకు, మోటారు పంపు కలిసి కరెంటులో 40 శాతాన్ని పనికి మార్చాయనుకున్నా (మన మోటార్లకు అదే గొప్ప), 2,200 యూనిట్ల దాకా అవుతాయి. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గు కరెంటు కాబట్టి యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఒకటిన్నర టన్ను. పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు కాబట్టి మన జేబుకు ఈ ఖర్చు తెలియదు, అంతే.

మడిలో నిలవ నీళ్ల కింద గాలి ఆడని బురదలో పుట్టే మీథేన్ ఒక పంటకాలంలో ఎకరాకు 40 కిలోల దాకా ఉంటుంది. మార్చి చూస్తే టన్నుకు కాస్త పైన. వరి అనగానే అందరూ మీథేన్ గురించే మాట్లాడతారు. మన బోర్ల కింద మాత్రం మీథేన్ కన్నా మోటారు పొగే ఎక్కువ. గోదావరి డెల్టాకు వేసే లెక్క ఇక్కడికి నప్పదు.

మా తమ్ముడు చెప్పిన లారీ మాటకు వద్దాం. నెల్లూరు వైపు కాలువ కింద పండిన బియ్యం 150 కిలోమీటర్లు లారీలో వస్తే కిలోకు పడే పొగ 20, 30 గ్రాములు. అదే బియ్యాన్ని మన బోరు కింద పండిస్తే కరెంటుకే కిలోకు కిలో. తిండి ఎంత దూరం నుంచి వచ్చిందన్న దానికన్నా ఏ నీళ్లతో పండిందన్నది చాలా పెద్ద తేడా. వాడు ఈ అంకె దగ్గర మాత్రం పెన్ను లాక్కుని మళ్లీ మొదటినుంచి వేసుకున్నాడు. అదే వచ్చింది.

చెరువు కింద మాగాణి ఉన్నవాళ్లకు ఈ తీర్పు వర్తించదు. చెరువు నిండిన ఏడాది వరి పెట్టుకోండి, తప్పకుండా. అప్పుడు కూడా తడి-పొడి పద్ధతి చూడండి. చిల్లులు పెట్టిన గొట్టం ముక్కను మడిలో దించి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ నీళ్లు కట్టడమే పని. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, నీళ్లు పావు వంతు దాకా మిగులుతాయి. ఇరవై ఏళ్ల కింద తక్కువ నీళ్లతో శ్రీ పద్ధతి వరి చేసినవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

చెనక్కాయ

పుస్తకాల్లో వేరుశనగ, మా వైపు చెనక్కాయ. నా ఓటు దీనికే, అయితే కళ్లు మూసుకుని కాదు.

నలుగురున్న ఇంటికి ఏడాదికి 40 లీటర్ల నూనె అనుకుందాం, బరువులో 36 కిలోలు. చెక్క గానుగలో విత్తనాల బరువులో 40 శాతం నూనె దిగుతుంది, కాబట్టి 90 కిలోల విత్తనాలు, కాయల్లో 130 కిలోలు కావాలి. ఊరిబిండి పచ్చడికి, పిల్లలు తినే ఉడకబెట్టిన కాయలకు ఇంకో 50 కిలోలు. మొత్తం 180 కిలోలు. వాన సక్రమంగా పడితే మెట్టలో ఎకరాకు 5 క్వింటాళ్లు రావడం అత్యాశ కాదు. అంటే నలభై సెంట్లలో ఇంటి నూనె తేలిపోతుంది. గానుగలో మిగిలే పిండిచెక్క ఆవుకు, కాయలు కోసుకున్నాక మిగిలే ఎండు తీగ, అంటే కట్టె, అదీ ఆవుకే. పారేసేది ఏమీ ఉండదు.

గాలి లెక్క కూడా బాగుంది. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి యూరియా అవసరం చాలా తక్కువ. వానకు పండితే మోటారు అక్కర్లేదు. దుక్కులకు ట్రాక్టరు తాగే డీజిల్, కొద్దిపాటి ఎరువు కలిపినా ఎకరాకు 150 నుంచి 200 కిలోలు. బోరు వరి కన్నా పది రెట్లకు పైగా తక్కువ.

దేశం వైపు నుంచి చూసినా ఇదే సరి. బియ్యం ఎగుమతిలో ప్రపంచంలో మనమే ముందున్నాం. వంటనూనె మాత్రం మన అవసరంలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది, పామాయిల్ ఇండోనేషియా, మలేసియాల నుంచి. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి ఒక్కసారిగా 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర్లో 16.5కి తగ్గించారు. ఢిల్లీలో ఒక కాగితం మీద అంకె మారితే చంద్రగిరిలో పోపు గిన్నె మీద ధర మారింది. ఇంట్లో రెండు డబ్బాల గానుగ నూనె ఉన్నవాళ్లకు ఆ వార్త పట్టలేదు.

ఇక భయాలు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే సమయంలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఎకరాకు రెండు క్వింటాళ్లు కూడా రావు. బోరు పనికొచ్చేది సరిగ్గా అప్పుడే. ఒక రక్షక తడి, ఎకరాకు రెండు లక్షల లీటర్లు, పంటను నిలబెడుతుంది. వరికి పోసే నీళ్లలో పదిహేడో వంతు కన్నా తక్కువతో పంట మొత్తాన్ని కాపాడుకోవచ్చు. రెండో భయం అడవి పందులు. అడవి అంచు చేలకు ఒక్క రాత్రి చాలు, పొద్దునకు చేను దున్నినట్టుంటుంది. మూడోది పీకాక వాన. తడిసిన కాయను సరిగా ఎండబెట్టకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఆ బూజు చెక్కను ఆవుకు పెడితే పాలలోకి కూడా వస్తుంది. కాయ చెవి దగ్గర ఊపితే గలగలమనే దాకా ఎండాలి.

సాళ్ల మధ్య కంది, అనప, అలసంద వేయడం మన పెద్దల అలవాటు. దాన్ని వదలకండి. చెనక్కాయ దెబ్బతిన్న ఏడాది కూడా కందిపప్పు ఇంటికి వస్తుంది. చలికాలంలో అనపకాయలు వచ్చాయంటే పితికిపప్పు కూర. అదే దొరికే రోజుల్లో మా ఇంట్లో ఎవరూ వేరే కూర అడగరు. రకాల్లో కదిరి-6, తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ధరణి మనకు తెలిసినవే.

రాగి

దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, సంగటి తిని పెరిగినవాళ్లమే. పంటకు 350 నుంచి 400 మిల్లీమీటర్ల నీళ్లు చాలు. వానకు తోడు రెండు మూడు తడులిచ్చినా కరెంటు పొగ ఎకరాకు 260 కిలోలు దాటదు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైన, పాలిష్ బియ్యంలో పది కూడా కష్టం. నెలకు 15 కిలోలు తినే ఇంటికి ఏడాదికి 180 కిలోలు, దానికి ఇరవై సెంట్లు చాలు. గింజ ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటుంది. కరువు ఏడాదికి ఇంతకన్నా మంచి బ్యాంకు లేదు.

2025-26కి రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, వడ్ల ధరకు రెట్టింపు పైన. అయితే దిగుబడి ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్లే కాబట్టి మొత్తం రాబడిలో వరి పైనే ఉంటుంది. మద్దతు ధర ప్రకటించారు కదా అని ఇంటి ముందుకు వచ్చి కొంటారనీ అనుకోవద్దు. కోత, నూర్పిడి కూలీలు దొరకరు. పిట్టల బెడద ఉంది. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లె పరిశోధన కేంద్రం ఇచ్చిన వకుళ, తిరుమల రకాలు మన నేలలకు అలవాటైనవి.

ఒక చిక్కు మాత్రం ఉంది. పిల్లలు సంగటి తినకపోతే ఈ లెక్కంతా వృథా. ముందు నెల రోజులు ఇంట్లో వండి చూసుకుని, ఆ తర్వాత చేలో వేయండి.

పాడి

మన జిల్లాను నడిపిస్తున్నది పాలే. ఉదయం ఆరింటికి ఏ ఊరికి పోయినా పాలకేంద్రం దగ్గర క్యాన్లు, ఫ్యాట్ చూసే మిషను, పదిహేను రోజుల బిల్లు. ఆ బిల్లు వల్లే కిరాణా అంగడివాడు అరువిస్తాడు. వంటింటి బిల్లులో పాలదే పెద్ద వాటా కాబట్టి ఇంటి పాలు ఇంట్లోనే ఉండటం పెద్ద మిగులు కూడా. చేతికి డబ్బు అనే కొలతలో పాడికి పోటీ లేదు.

గాలి లెక్కలో మాత్రం ఆవు బరువైనది. నెమరు వేసేటప్పుడు ఒక పాలావు ఏడాదికి 60 నుంచి 70 కిలోల మీథేన్ వదులుతుంది. మారిస్తే 1.8 టన్నులు. ఒక ఎకరా వరి మడి ఒక పంటలో వదిలే మీథేన్ కన్నా ఎక్కువ. దేశం మొత్తంలోనూ అంతే. 2016 లెక్కల్లో సేద్యపు ఉద్గారాల్లో సగానికి పైగా పశువుల నెమరువే, వరిది ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ.

అందుకని ఆవు వద్దు అనను. ఎన్ని ఆవులు, ఎలాంటివి అన్నదే అసలు విషయం. రోజుకు 10 లీటర్లిచ్చే ఆవు ఈతకు మూడు వేల లీటర్లిస్తే లీటరుకు మీథేన్ భారం 0.6 కిలోలు. నాలుగు లీటర్లిచ్చే ఆవుకు అదే 1.5 కిలోలు. రెండూ ఇచ్చే పాలలో ఉన్నంత తేడా తినే మేతలో ఉండదు. రెండెకరాల వాడికి బక్కవి మూడు కన్నా బాగా మేపిన ఒకటి, మించితే రెండు మేలు. పుంగనూరు ఆవు మోజులో పడ్డవాళ్లు వేరే. పొట్టి ఆవు, తక్కువ మేత, చిక్కటి పాలు, మన సొంత జాతి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. కానీ ఇప్పుడు పలుకుతున్న ధరల్లో అది ఇంటి ముందు అందం, పాల వ్యాపారం కాదు.

మేత ఎక్కడిది అని అడగండి. ఇరవై సెంట్ల నేపియర్ గడ్డికి వేసవిలో కూడా నీళ్లు కావాలి. దాణా ధర పెరిగినంత వేగంగా పాల ధర పెరగదు. మా ఇంట్లోనే ఒకసారి మూడు ఆవులను కట్టి, దాణా బిల్లూ పాల బిల్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మిగిలింది పేడే.

పేడ కూడా తక్కువదేమీ కాదు. రెండు ఆవుల పేడ, రోజుకు 25 కిలోలు, ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ ఇస్తుంది. అది 0.43 కిలోల వంటగ్యాస్‌కు సమానం. నెలకు 13 కిలోలు, సిలిండరులో ఉండేది 14.2. సరిగా నడిస్తే నెలకు దాదాపు ఒక సిలిండరు మిగిలినట్టే. మిగిలిన ముద్ద చేనుకు పోతే యూరియా తగ్గుతుంది. 45 కిలోల యూరియా బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది, కానీ చేలో చల్లాక దానినుంచి పోయేది 120 కిలోల లెక్క, ఫ్యాక్టరీలో తయారీ పొగ కాకుండా.

మామిడి

నీళ్లు తక్కువ, పని తక్కువ, చెట్టు పెరిగేకొద్దీ గాలిలోని కార్బన్‌ను కట్టెలో దాచుకుంటుంది. గాలి లెక్కలో దీన్ని మించింది లేదు. ఉద్యోగం వదలకుండా సేద్యం చేయాలనుకునేవాళ్లంతా ఇటే చూస్తారు. మొదటి నాలుగైదేళ్లు సాళ్ల మధ్య చెనక్కాయ, ఉలవలు వేసుకోవచ్చు.

కానీ మన వైపు ఎక్కువగా పెట్టేది తోతాపురి, అది తిని ఎవరూ బతకలేరు. అది గుజ్జు ఫ్యాక్టరీకి పోవాల్సిన కాయ. 2025 జూన్‌లో ఏమైందో చూశాం కదా. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అన్నారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి, కాయ బండి మీదే మాగిపోయింది. అమ్ముకునేందుకు ఒక్క దారే ఉన్న పంట ఇంటికి భరోసా ఇవ్వదు. పెట్టేవాళ్లు గట్ల మీద నాలుగైదు బంగినపల్లి, రుమానీ, ఒక పనస, రెండు కొబ్బరి పెట్టుకోండి. మొత్తం చేను మామిడికి రాసివ్వొద్దు.

టమాటా

2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 అంచుకు పోయింది. రెండు నెలలు తిరక్కముందే పదీ ఇరవైకి పడింది. కోసిన కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లు మనకు లెక్కలేనన్ని. కట్టెలు, మల్చింగ్ షీటు, మందులు, నారు కలిపి ఎకరాకు పెట్టుబడి పెద్దది. ఇది తిండి పంట కాదు, పందెం. పందెం ఆడేంత డబ్బు పక్కన ఉన్నవాళ్లు పావెకరం ఆడుకోవచ్చు. అప్పు తెచ్చి మాత్రం వద్దు.

దీని బదులు ఇరవై సెంట్లలో కలగలుపు కూరగాయలు నేను గట్టిగా చెప్తాను. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి సేద్యం వాళ్లు దీన్ని ఏటీఎం మోడల్ అంటారు. ముల్లంగి, ఆకుకూర, వంకాయ, బెండ, మిరప, నాలుగు టమాటా మొక్కలు, తీగల మీద బీర, కాకర. వారంలో ఎప్పుడు పోయినా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఘన, ద్రవ జీవామృతాలు ఒక్క ఆవు పేడ, మూత్రంతోనే సరిపోతాయి. డ్రిప్పుకు సబ్సిడీ ఉంది, వాడుకోండి.

చెరకు, పట్టు పురుగుల గురించి అడిగేవాళ్లున్నారు. చెరకుకు ఉన్న నీళ్లన్నీ చాలవు, సహకార చక్కెర ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. పట్టు కుప్పం, పలమనేరు వైపు చల్లదనానికి బాగానే ఉంటుంది, కానీ తినేది కాదు కాబట్టి ఈ లెక్కలోకి తేలేదు.

ఒక్క చూపులో

| ఎంపిక | ఇంటి తిండికి | బోరు నీళ్లు | గాలి లెక్క | డబ్బు ఎప్పుడు | పెద్ద భయం |
|---|---|---|---|---|---|
| బోరు వరి | బియ్యం, గడ్డి | ఎకరాకు 35 లక్షల లీటర్లు | ఎకరాకు 2.7 టన్నులు, యూరియా కాక | పంటకోసారి | బోరు ఎండటం |
| చెరువు వరి, తడి-పొడి | బియ్యం, గడ్డి | లేదు | ఎకరాకు 0.6 టన్ను, యూరియా కాక | పంటకోసారి | చెరువు నిండకపోవడం |
| చెనక్కాయ, కంది, అనప | నూనె, పప్పు, చెక్క, కట్టె | ఒకటి రెండు తడులు | ఎకరాకు 0.2 టన్ను, తడి ఇస్తే కాస్త ఎక్కువ | ఏడాదికోసారి | వాన, పందులు |
| రాగి | సంగటి, చొప్ప | రెండు మూడు తడులు | ఎకరాకు 0.4 టన్ను | ఏడాదికోసారి | కూలీలు, అమ్మకం |
| ఒక పాలావు | పాలు, పేడ, గ్యాస్ | మేతకు, వేసవిలో ఎక్కువ | ఏడాదికి 1.8 టన్నులు | పదిహేను రోజులకు | దాణా ధర, జబ్బు |
| మామిడి | పండు, పచ్చడి | చాలా తక్కువ | చెట్టే దాచుకుంటుంది | అయిదేళ్ల తర్వాత | ధర |
| కలగలుపు కూరగాయలు | రోజూ కూర | డ్రిప్పు మీద కొద్దిగా | తక్కువ | వారంవారం | రోజూ పని |

ఎవరికి ఏది

ఊళ్లోనే ఉండి ఇద్దరు మనుషులు చేలో దిగే ఇంటికి, రెండెకరాల్లో నేనైతే ఇలా పంచుతాను. తొంభై సెంట్లు చెనక్కాయ, సాళ్లలో కంది, అనప. ముప్పై సెంట్లు రాగి. ఇరవై సెంట్లు కూరగాయలు, ఇరవై సెంట్లు గడ్డి, ఒక మంచి ఆవు. మిగిలిన నలభై సెంట్లు ఆ ఏడాది ఏది అమ్ముడుపోతుందో దానికి: బంతిపూలైనా సరే, పచ్చిమిరపైనా సరే. బియ్యం రేషన్‌లో కొంత, అంగట్లో కొంత. దీంతో వంటింటి బిల్లు బాగా తగ్గుతుంది. ఫీజులు, ఆసుపత్రి ఖర్చు మాత్రం రెండెకరాల నుంచి రావు. అలా వస్తాయని ఎవరైనా చెబితే వాళ్ల చేను చూపించమని అడగండి.

తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాళ్లు ఆవు జోలికి, కూరగాయల జోలికి పోవద్దు. ఆవుకు ఆదివారం తెలియదు. ఎకరం మామిడి, మధ్యలో ఉలవలు, మిగతా ఎకరం చెనక్కాయ. విత్తడానికి, పీకడానికి సెలవు పెట్టుకుంటే జరిగిపోతుంది. పందుల కావలికి ఊళ్లో ఎవరితోనైనా పంచుకునే ఒప్పందం కావాలి.

ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరే ఉంటే ఒక ఆవు, పది సెంట్ల కూరలు. మిగతాది కౌలుకివ్వండి. కౌలు డబ్బు బదులు రెండు మూటల చెనక్కాయ, ఒక మూట రాగులు అడగండి, ధరల గొడవ ఉండదు.

కౌలుకు చేసేవాళ్ల సంగతి వేరు. కౌలు కట్టాలంటే డబ్బు పంట తప్పదు, మామిడి పెట్టలేరు, నేలను బాగుచేసుకున్నా ఫలితం మరొకరిది. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: డబ్బు పంట ఏది పెట్టినా ఒక మూలన ఇంటి తిండికి ఇరవై సెంట్లు కూరలు, రాగులు వదలకండి.

కుప్పం, పలమనేరు వైపు వాళ్లకు ఇంకో మాట. 2025 ఆగస్టు చివర్లో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. చెరువులు నిండి బోర్లు పైకి లేస్తే నా వరి లెక్క మారుతుంది, నీటిమట్టం వంద అడుగులకు వస్తే మోటారు పొగ మూడో వంతుకు పడిపోతుంది. అయితే నీళ్లు కనపడగానే అందరం వరికి ఎగబడితే మళ్లీ అవే బోర్లు. ఆ వైపు ఏనుగులు కూడా వరిని, చెరకును వెతుక్కుంటూ వస్తాయి. సంగతి మీకే బాగా తెలుసు.

మా తమ్ముడు ఇప్పటికైతే ఉద్యోగం మానలేదు. మొదటి ఏడాదికి ఒక్క ఎకరా చెనక్కాయ అనుకున్నాం, ఆరుద్ర కార్తె వానకు. ఎకరాకు 60, 70 కిలోల విత్తనం కావాలి, అన్ని ఖర్చుల్లోకి అదే పెద్దది. అందుకే పంట వచ్చాక గానుగకు పోయేముందు వంద కిలోల కాయలు విత్తనానికని పక్కన కట్టి అటక మీద పెట్టాలని మా పిన్ని ముందే చెప్పేసింది. ఆ మూటను ఎలుకలనుంచి, ఉడకబెట్టి తినే పిల్లలనుంచి కాపాడే పూచీ కూడా ఆమెదే.